ఇంజన్‌లో టైమింగ్ చైన్ గలగల: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మార్తహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉండే మనవాళ్ళ కార్లు వారమంతా ఆఫీసు ట్రాఫిక్‌లో పాకుతూ గడిపి, పండక్కి ఒక్కసారిగా అనంతపురం, కర్నూలు, చిత్తూరు దారి పడతాయి. సరిగ్గా ఆ ముందురోజు పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ గలగలమంటే టెన్షన్ మొదలవుతుంది. శబ్దం ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏ మూల నుంచి వస్తోంది అన్న మూడు సంగతులు గమనించి పెట్టుకుంటే సగం పని అయినట్టే. కింది జవాబుల్లో చాలావాటికి ఆ మూడే ఆధారం.

అసలు టైమింగ్ చైన్ ఏం చేస్తుంది? ఎందుకు మోగుతుంది?

పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అప్పుడే ఇంజన్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే దారుల్లోని ఆ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకుంటాయి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేది చైన్. అది ఊగకుండా ఒక పక్క ప్లాస్టిక్ ముఖం ఉన్న గైడ్, ఇంకో పక్క టెన్షనర్ నెట్టే మరో గైడ్ ఉంటాయి. చాలా ఇంజన్లలో టెన్షనర్‌కి బలం ఇంజన్ ఆయిల్ ఒత్తిడి నుంచే వస్తుంది. లోపల ఒక స్ప్రింగు, వెనక్కి జారకుండా ఆపే పళ్ళు కూడా ఉంటాయి.

రాత్రంతా బండి నిలబడితే టెన్షనర్‌లో ఉన్న ఆయిల్ కొంత కిందికి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేశాక పంపు మళ్ళీ అక్కడిదాకా ఆయిల్ తోసేలోపు చైన్ ఊగి గైడ్‌కో కవర్‌కో తగులుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు వినిపించేది అదే.

చైన్ సాగింది అని మెకానిక్‌లు అంటుంటారు. నిజానికి అక్కడ జరిగేది అరుగుదల. ప్రతి జాయింటులో పిన్ను, బుష్ కాస్త కాస్త అరుగుతాయి. ఆ చిన్న ఖాళీలన్నీ కలిసి చైన్ మొత్తం పొడవు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక టెన్షనర్ ఎంత ముందుకొచ్చినా ఆ వదులు తీరదు.

మా కారులో ఉన్నది చైనా, బెల్టా?

ముందు ఇది తేలాలి, ఎందుకంటే బెల్టు ఉన్న కారుకి చైన్ మార్చాలని అంచనా ఇచ్చే ఘనులూ ఉన్నారు. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజన్లు, స్విఫ్ట్, రిట్జ్, పుంటో వంటి కార్లలో వచ్చిన 1.3 మల్టీజెట్ డీజిల్, హోండా సిటీ ఐ-వీటెక్ పెట్రోల్ ఇవన్నీ చైన్‌వే. మారుతి 800, పాత 796 సీసీ ఆల్టో, డస్టర్ 1.5 డీజిల్, ఈకోస్పోర్ట్ 1.5 డీజిల్‌లో బెల్టు ఉంటుంది. కారు పేరు ఒక్కటే చూస్తే పొరపడతాం: పాత ఐ10లోనే 1.1 ఇంజన్‌కి బెల్టు, 1.2 కప్పా ఇంజన్‌కి చైన్. ఇంజన్ కోడ్ చూసి సర్వీస్ పుస్తకంలో సరిపోల్చుకోండి. రబ్బరు బెల్టు ఇలా గలగలమనదు. దాని బేరింగ్ పాడైతే గీమని మూలుగుతుంది.

పొద్దున ఒకటి రెండు సెకన్లు మోగి ఆగిపోతోంది. భయపడాలా?

వెంటనే భయపడాల్సిన పని లేదు, కానీ వదిలేయకూడదు. రెండు వారాలు బండి కదల్లేదు, తర్వాత మొదటి స్టార్ట్‌లో ఒక్క సెకను మోగింది అంటే పెద్ద విషయం కాదు. రోజూ పొద్దున మోగుతోంది, పోయిన నెల ఒక సెకను ఉన్నది ఇప్పుడు మూడు నాలుగు సెకన్లు ఉంటోంది అంటే టెన్షనర్ ఆయిల్‌ని నిలుపుకోలేకపోతోంది, లేదా చైన్ అరిగింది. వేడెక్కాక కూడా మోగుతుంటే, ముఖ్యంగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు వినిపిస్తుంటే, అది మూడో మెట్టు. అక్కడ వాయిదా వేయొద్దు.

గ్యారేజీకి వెళ్ళేముందు నేనే చూసుకోగలిగినవి ఏమిటి?

మొదట ఆయిల్. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి, తుడిచి మళ్ళీ ముంచి చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ తేడా సుమారు ఒక లీటరు. కింది గీత కంటే దిగువన ఉంటే మలుపుల్లో, బ్రేక్ వేసినప్పుడు పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది, చైన్ మోత దానివల్లే రావచ్చు. సరైన గ్రేడ్ ఆయిల్ కలిపి రెండు మూడు పొద్దుటలు వినండి. శబ్దం తగ్గితే కాసిన్ని డబ్బులతో బయటపడ్డారు. అయితే ఆయిల్ ఎందుకు తగ్గిందో అప్పుడు వెతకాలి: లీకవుతోందా, తాగుతోందా?

తర్వాత బిల్లులు బయటికి తీయండి. చివరిసారి ఏ ఆయిల్ పోశారు, ఏ ఫిల్టర్ వేశారు, ఎన్ని కిలోమీటర్ల కింద? శబ్దం ఆ సర్వీసు తర్వాతే మొదలైతే అనుమానం ముందు ఫిల్టర్ మీదకే పోవాలి. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

ఇక వినడం. సాయంత్రం బండిని ఆరుబయట నిలపండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గోడలు చిన్న టిక్కుని కూడా పెద్దది చేసి గుండె ఆగేలా చేస్తాయి. పొద్దున ముందే బోనెట్ ఎత్తి పెట్టి, ఇంట్లో ఒకరిని స్టార్ట్ చేయమని, మీరు ఇంజన్ పక్కన నిలబడండి. ఇంజన్ అడ్డంగా ఉన్న మన చిన్న కార్లలో చైన్ కవర్ గేర్‌బాక్స్‌కి ఎదురు చివర, బయటి బెల్టు తిరిగే వైపే ఉంటుంది. ఆ వైపు చక్రం దగ్గర మోత ఎక్కువగా వినిపిస్తే చైన్ అనుమానం బలపడుతుంది. ఫోన్‌లో వీడియో తీయండి. స్టార్టర్ తిరగకముందే రికార్డింగ్ మొదలవ్వాలి, ఇంజన్ రెండు నిమిషాలు నడిచేదాకా ఆపకూడదు. ఫోన్ మైకు శబ్దాల హెచ్చుతగ్గుల్ని తనే సర్దేస్తుంది కాబట్టి ఎంత గట్టిగా ఉందన్నది వీడియోలో తెలియదు. ఎంతసేపు ఉందన్నది మాత్రం తెలుస్తుంది.

చుట్టుపక్కల తిరిగే బెల్టులు, ఫ్యాన్‌కి దూరంగా ఉండండి. చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా వేసుకుని బోనెట్ మీదికి వంగొద్దు.

చైన్ అనిపించి చైన్ కానివి ఏమేమి ఉంటాయి?

చాలా ఉంటాయి. అనవసరంగా చైన్ మార్పించుకున్న వాళ్ళలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

టాపెట్ (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే భాగం) శబ్దం లయగా ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ సగం వేగంతో తిరుగుతుంది కదా, ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉంటే ఒక వదులు టాపెట్ సెకనుకి ఆరేడు సార్లు టక్ టక్ అంటుంది, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) నుంచి వినిపిస్తుంది. చైన్ మోతకి ఆ క్రమం ఉండదు. అది ఊగిసలాడుతూ, గుంపుగా వస్తుంది.

సైలెన్సర్ దగ్గరి హీట్ షీల్డ్ వదులైతే పల్చని రేకు చప్పుడు. ఒక నిర్దిష్టమైన ఆర్‌పీఎంలో మాత్రమే మొదలై, దాటగానే మాయమవుతుంది. బండి పూర్తిగా చల్లారాక ఆ రేకుని వేలితో తడితే అదే శబ్దం చేస్తుంది. ఈ ఊరి స్పీడ్ బ్రేకర్లకి ఈ రేకులు ఊడటం మామూలే.

ఏసీ ఆపగానే పోతే కంప్రెసర్‌నో దాని పుల్లీనో చూడాలి. క్లచ్ నొక్కగానే శబ్దం మారితే క్లచ్ వైపు వెళ్ళండి, చైన్‌ని వదిలేయండి. నంది కొండ ఎక్కుతూ పై గేరులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు చిటచిటమంటూ, ఐడిల్‌లో నిశ్శబ్దంగా ఉంటే అది పెట్రోల్ ముందే మండటం. డీజిల్ ఇంజన్లలోనూ, నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజన్లలోనూ ఇంజెక్టర్ల టకటక సహజం.

పిస్టన్ సిలిండర్ గోడకి తట్టే చప్పుడు కూడా చల్లగా ఉన్నప్పుడే వస్తుంది, కానీ మొద్దుగా ఉంటుంది, సెకన్లలో పోదు, ఇంజన్ వేడెక్కేకొద్దీ మెల్లగా తగ్గుతుంది. దానికంటే లోతుగా, కింద నుంచి ధబ్ ధబ్ అంటూ రేజ్ చేస్తే పెరిగేది బేరింగ్ చప్పుడు. అలా వినిపిస్తే అక్కడే ఇంజన్ ఆపండి.

చివరగా వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు) ఉన్న కార్లు. క్యామ్ చివర ఉండే గేరులో లాక్ పిన్ అరిగితే స్టార్ట్ చేసిన క్షణంలో గర్ర్‌మని సెకను పాటు మోగి ఆగుతుంది. చైన్‌కీ దీనికీ తేడా చెవితో పట్టడం అనుభవమున్న మెకానిక్‌కీ కష్టమే. కవర్ తీసే పని ఎలాగూ ఒకటే కాబట్టి, తీసినప్పుడు ఈ గేరుని కూడా పరీక్షించమని ముందే చెప్పాలి.

గ్యారేజీకి వెళ్ళేసరికి శబ్దం పోతోంది. వాళ్ళు ఏమీ లేదంటున్నారు.

టిన్ ఫ్యాక్టరీ దాటేసరికే ఇంజన్ వేడెక్కి ఉంటుంది, ఇక శబ్దం ఎక్కడిది? బండిని ముందురోజు సాయంత్రం అక్కడే వదిలి, పొద్దున తాళం తిప్పే మొదటివాడు మెకానిక్కే కావాలని అడగండి. మీరూ వెళ్ళగలిగితే ఇంకా మంచిది. బెంగళూరు గ్యారేజీల్లో తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామంది దొరుకుతారు, దొరక్కపోతే ఈ ఒక్క కన్నడ వాక్యం చాలు: "బెళిగ్గె స్టార్ట్ మాడిదాగ సౌండ్ బరుత్తె, ఆమేలె నిల్లుత్తె" (పొద్దున స్టార్ట్ చేసినప్పుడు శబ్దం వస్తుంది, తర్వాత ఆగిపోతుంది).

చైన్ పోయింది అనేముందు మెకానిక్ ఏ పరీక్షలు చేయాలి?

చెవితో విని తీర్పు చెప్పేవారిని గౌరవిద్దాం, కానీ కవర్ విప్పే పనికి అది చాలదు. స్టెతస్కోప్‌నో పొడవాటి స్క్రూడ్రైవర్‌నో చైన్ కవర్ మీద, టెన్షనర్ ఉన్న చోట, హెడ్ కవర్ మీద వరుసగా ఆనించి ఎక్కడ గట్టిగా ఉందో పోల్చాలి. బయటి బెల్టు తీసేసి కొన్ని సెకన్లు ఇంజన్ నడిపితే ఆల్టర్నేటర్, ఐడ్లర్ పుల్లీ బేరింగ్‌ల మీద అనుమానం ఒక్క దెబ్బతో తేలిపోతుంది. చాలా కార్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది, కాబట్టి ఎక్కువసేపు నడపకూడదు.

నాకు ఇష్టమైన పరీక్ష ఒకటుంది. చాలా పెట్రోల్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి స్టార్టర్ తిప్పితే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, ఇంజన్ అంటుకోకుండా ఊరికే తిరుగుతుంది. చల్లని ఇంజన్‌ని అలా కొన్ని సెకన్లు తిప్పి, కాలు తీసి మామూలుగా స్టార్ట్ చేయాలి. రోజూ మోగేది ఈసారి మోగకపోతే, ఆయిల్ ఆలస్యంగా చేరడమే కారణమని దాదాపు తేలినట్టు. అప్పుడు చూడాల్సింది టెన్షనర్, ఫిల్టర్, ఆయిల్ దారి. అయినా మోగితే అరుగుదల వైపు చూపు తిప్పాలి. బటన్ స్టార్ట్ కార్లన్నిటిలో ఇది కుదరదు.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ చోట గేజీ బిగించి ఒత్తిడి కొలవడం కూడా అడిగి చేయించుకోదగ్గ పరీక్షే. ఒత్తిడే తక్కువగా ఉంటే కొత్త చైన్, కొత్త టెన్షనర్ వేసినా కొన్నాళ్ళకి కథ మొదటికొస్తుంది. కొన్ని ఇంజన్లలో చిన్న మూత తీసి టెన్షనర్ ఎన్ని పళ్ళు ముందుకొచ్చిందో చూడొచ్చు. చివరిదాకా వచ్చేసి ఉంటే చైన్ అరిగిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

స్కానర్‌లో ఏ కోడ్‌లు వస్తే చైన్ అనుకోవాలి?

కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లని స్కానర్ చదువుతుంది. పీ0016, పీ0017 అంటే క్రాంక్ సెన్సర్ చెప్పే స్థానానికీ క్యామ్ సెన్సర్ చెప్పే స్థానానికీ పొంతన కుదరడం లేదని. మోతతో పాటు ఇవి వస్తే చైన్ అరిగిపోవడమో, పళ్ళ చక్రం మీద ఒక పన్ను దాటడమో జరిగి ఉండొచ్చు. పీ0011, పీ0012 వాల్వ్ టైమింగ్ కదలికకు సంబంధించినవి. మురికి ఆయిల్, అడ్డుపడిన సోలినాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) వల్ల కూడా వస్తాయి. పీ0340 చాలాసార్లు సెన్సర్ లేదా వైరు గొడవ. కోడ్ చెరిపేసి లైటు ఆరిపోయింది కదా అని పంపించేస్తే రోగం అలాగే ఉంటుంది. ఇంకో మాట, కోడ్ రాలేదంటే చైన్ బాగుందని కాదు. మోత మొదలైన చాలాకాలానికి గానీ కంప్యూటర్ పట్టుకునేంత తేడా రాదు.

చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం పోతుందని ఊళ్ళో మా మామయ్య అంటున్నాడు.

మామయ్య అనుభవం పాత అంబాసిడర్ కాలం నాటిదై ఉండొచ్చు. ఇప్పటి ఇంజన్ల సందులు, పంపులు పల్చని ఆయిల్‌కి లెక్కకట్టి చేసినవి. 0డబ్ల్యూ-20 (పల్చని గ్రేడ్) చెప్పిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 (చిక్కటిది) పోస్తే వేడెక్కాక శబ్దం అణిగినట్టు అనిపిస్తుంది. కానీ డిసెంబరు తెల్లవారుజామున, సరిగ్గా చైన్‌కి అవసరమైన ఆ మొదటి సెకన్లలో ఆయిల్ ఇంకా ఆలస్యంగా చేరుతుంది. పుస్తకంలో ఒకటికంటే ఎక్కువ గ్రేడ్‌లు అనుమతిస్తే వాటిలో ఎంచుకోండి, అంతవరకే. శబ్దం ఆపేస్తామనే సీసా మందుల జోలికి వెళ్ళొద్దు. మడ్డి పేరుకున్న పాత ఇంజన్‌లో ఫ్లష్ (లోపల కడిగే ద్రవం) పోసినా ప్రమాదమే. కదిలిన మడ్డి సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) జల్లెడకి అడ్డుపడొచ్చు.

ఫిల్టర్‌కీ చైన్ శబ్దానికీ ఏం సంబంధం?

చాలా ఫిల్టర్లలో రబ్బరు వాల్వు ఒకటి ఉంటుంది. ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా అది ఆపుతుంది. నాసిరకం ఫిల్టర్‌లో అది బిగుతుగా కూర్చోదు, రాత్రికి ఆయిల్ దిగిపోతుంది, పొద్దున చైన్ మోగుతుంది. జేసీ రోడ్డులో అసలైనవీ నకళ్ళూ పక్కపక్కనే దొరుకుతాయి, కాబట్టి తెలిసిన షాపులో బిల్లుతో కొనండి. మంచి ఫిల్టర్, సరైన ఆయిల్ మార్చి కొన్నాళ్ళు చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

బెంగళూరు ట్రాఫిక్ వల్లే చైన్ తొందరగా పోతుందా?

కొంతవరకు నిజం. సిల్క్ బోర్డు దగ్గర గంట నిలబడితే మీటరు కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కిలోమీటర్లు లెక్కపెట్టి ఆయిల్ మార్చేవాళ్ళకి ఇక్కడే దెబ్బ. పిల్లల్ని బడిలో దింపే రెండు కిలోమీటర్ల ప్రయాణాలు ఇంకా చెడ్డవి. ఆయిల్ బాగా వేడెక్కదు, అందులో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరై పోవు. అలా పాడైన ఆయిల్‌లో ఉండే మసి, సన్నని రజను చైన్ పిన్నుల్ని రాచేస్తాయి. ఏడాది లేదా 10,000 కి.మీ. అని పుస్తకంలో ఉన్నా, అదే పుస్తకంలో కఠినమైన వాడకానికి తక్కువ గడువు ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ నడిచే కారుది కఠినమైన వాడకమే.

పండక్కి ఈ శబ్దంతోనే కర్నూలు వెళ్ళొచ్చా?

స్టార్టింగ్‌లో ఒకటి రెండు సెకన్లు మాత్రమే మోగి, ఆయిల్ నిండుగా ఉండి, ఏ లైటూ వెలగకపోతే వెళ్ళొచ్చు. తిరిగొచ్చాక చూపించుకోండి. వేడి మీద కూడా మోగుతుంటే, చెక్ ఇంజన్ లైటు వెలిగితే, పికప్ తగ్గితే బండిని ఇక్కడే ఉంచి మెజెస్టిక్‌లో బస్సో యశ్వంతపురలో రైలో ఎక్కండి. చైన్ పళ్ళు దాటితే చాలా ఇంజన్లలో పిస్టన్ వెళ్ళి తెరిచి ఉన్న వాల్వుకి తగులుతుంది. వాల్వులు వంగుతాయి, హెడ్ దించాలి. చైన్‌తో పోయే ఖర్చు ఇంజన్ ఖర్చు అవుతుంది. ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగితే అసలు ఆలోచించొద్దు, పక్కకి తీసి ఆపేయండి.

బాగేపల్లి దాటాక పెద్ద చప్పుడుతో ఇంజన్ ఆగిపోయిందనుకోండి, మళ్ళీ మళ్ళీ స్టార్టర్ తిప్పొద్దు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పోయిన ఇంజన్ స్టార్టర్‌కి తేలిగ్గా, గబగబా తిరుగుతుంది. అలా వినిపిస్తే ఫ్లాట్‌బెడ్ పిలిపించుకోవడమే.

ఎంత ఖర్చవుతుంది? టెన్షనర్ ఒక్కటే మారిస్తే సరిపోదా?

సామాను కంటే కూలి ఎక్కువయ్యే పని ఇది. కొన్ని కార్లలో ఇంజన్ మౌంట్ విప్పి, సంప్ దించి, కవర్ తీయాలి. కొన్నిటిలో ఇంజనే దించాలి. అందుకే ఇంజన్ చూడకుండా ఫోన్‌లో అంకె చెప్పేవారిని నమ్మను. అంచనా కాగితం మీద అడగండి: చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ళ చక్రాలు), క్రాంక్ ఆయిల్ సీల్, కవర్ సీలెంట్, కంపెనీ మార్చమన్న బోల్టులు, ఆయిల్, ఫిల్టర్ విడివిడిగా ఉండాలి. కూలి మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

టెన్షనర్ బయటి నుంచే తీయగలిగే ఇంజన్ అయి, చైన్ అరుగుదల హద్దులోనే ఉందని కొలిచి చూపిస్తే అదొక్కటే మార్చడం సబబే. కవర్ మొత్తం విప్పాక పాత గైడ్లు మళ్ళీ వేసి డబ్బు మిగిల్చాననుకోవడం తెలివి కాదు. పాత సామాను మీకు చూపించమనండి. గైడ్ ముఖం మీద లోతైన గాడి పడిందా, ముక్క విరిగిందా మీ కంటికే కనిపిస్తుంది. ముక్క విరిగి ఉంటే సంప్‌లో వెతికి తీయకుండా కవర్ మూయనివ్వొద్దు.

ఇన్సూరెన్స్, వారంటీ వర్తిస్తాయా?

మామూలు మోటార్ పాలసీ అరుగుదలకి డబ్బివ్వదు. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఎక్కువగా నీళ్ళు చేరడం, ఆయిల్ కారిపోవడం వంటివాటికి. పొడిగించిన వారంటీ ఉంటే షరతులు చదవండి. సర్వీసులు సమయానికి చేయించిన రికార్డు మొదట అడుగుతారు.

పాత కారు కొంటున్నాను. చైన్ ఎలా పసిగట్టాలి?

వెళ్ళేముందు బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి చెప్పండి. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో పొద్దున రండి. ఆయిల్ పోసే మూత తీసి లోపల టార్చి వేయండి: నల్లని మడ్డి కనిపిస్తే ఆయిల్ మార్పులు ఎగ్గొట్టారన్నమాట. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్ళ అనుమానం. ఈ ఊళ్ళో అది చిన్న విషయం కాదు, 2022 సెప్టెంబరు వర్షాలకి బెళ్ళందూరు, ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఎన్నో కార్లు మునిగాయి.

కొత్త చైన్ వేయించాక కూడా మొదటి రోజు మోగింది. మోసపోయానా?

కొత్త టెన్షనర్ ఖాళీగా వస్తుంది. బిగించాక మొదటి స్టార్ట్‌లో ఆయిల్ నిండేదాకా కాసేపు మోగడం మామూలే. మర్నాడు పొద్దున కూడా అదే మోత ఉంటే వెనక్కి తీసుకెళ్ళండి. టెన్షనర్‌ని బిగించేదాకా నొక్కి ఉంచే పిన్ను లాగారా, టైమింగ్ గుర్తులు కలిశాయా, ఆయిల్ ప్రెషర్ ఎంతుంది అన్నవి చూడాలి. వెయ్యి కిలోమీటర్ల లోపు ఒకసారి కవర్ అంచుల్లో ఆయిల్ చెమ్మ ఉందేమో కూడా చూపించుకోండి. సీలెంట్ ఆరకముందే ఆయిల్ పోసి స్టార్ట్ చేసిన బండ్లలో అక్కడి నుంచే కారుతుంది.